గడ్డి కుక్కిన గంట

నా చిన్నప్పుడు మా నాన్నకు ఒక మాట చెప్పాలంటే ముందు ఆయన చొక్కా పట్టుకుని లాగాలి. లాగితే తల తిప్పి చూస్తాడు. అప్పుడు మనం నోరు తెరవాలి. మొదటిసారి చెప్పింది ఎలాగూ వృథా. రెండోసారి చెబితే "ఆఁ?" అంటాడు. మూడోసారికి మనకు ఒళ్లు మండి గట్టిగా అరుస్తాం. అప్పుడు మొహం ముడుచుకుని, "ఎందుకే గట్ల అరుస్తవ్? నాకేమన్న చెవుడా?" అంటాడు. ఆ ప్రశ్న మా ఇంట్లో రోజుకు పదిసార్లయినా వినపడేది. దానికి జవాబు చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండేది కాదు.

ఆయన రేకు పని మేస్త్రి. ఏన్కూరు దాటాక, అడవి మొదలయ్యే వైపు, రోడ్డు పక్కన మా షెడ్డు ఉండేది. బీరువాలు, ఇనప పెట్టెలు, కూలర్ డబ్బాలు చేసేవారు. గనుల వైపు క్వార్టర్లలో ఎవరైనా కొత్త కాపురం పెడితే బీరువా కోసం మా దగ్గరికే వచ్చేవారు. వీటన్నిటితో పాటు మా తాత దగ్గర నేర్చుకున్న పాత పని ఒకటి నాన్న వదల్లేదు. పశువుల మెడలో కట్టే రేకు గంటలు. రేకును కత్తిరించి, మడిచి, అంచులు కలిపి రివిట్లు కొట్టి, లోపల నాలుక వేలాడదీస్తే గంట. అడవిలోకి పశువుల్ని తోలే ఊళ్లలో ఒక్కో ఇంటి గంటది ఒక్కో గొంతు. కంటికి కనపడని ఆవు ఎవరిదో గంట విని చెప్పేస్తారు. అంచు మీద వేసే నాలుగు దెబ్బల్లోనే ఆ గొంతు ఉంటుందనీ, ఆ దెబ్బలు మా నాన్నకే తెలుసనీ గుట్టల మీది ఊళ్లలో పేరు.

షెడ్డుకు పైన రేకులే, మూడు వైపులా గోడలూ రేకులే. నడుమ ఇనప దిమ్మె. దాని మీద బీరువా తలుపంత రేకు పెట్టి ఇనప సుత్తితో కొడుతుంటే ఆ చప్పుడు బయటికి పోయే దారి లేక లోపలే తిరిగేది. పక్కనే గ్రైండరు, ఇంకో మూల రేకు కోసే మెషీను. నేను సద్ది గిన్నె తీసుకుని వెళ్తే గుమ్మం దగ్గరే పళ్లు గిట్టకరుచుకునేవి. లోపల వాళ్లు మాత్రం ఏమీ లేనట్టు పని చేసుకుంటూ ఉండేవారు.

ఏమీ లేనట్టు ఎలా ఉండేవారో మీకు చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుకీ నాకు అది తలచుకుంటే చిరాకు. మా షెడ్డులో ఒక మాట ఉండేది, చెవి పండటం. కొత్తగా పనిలో చేరినవాడికి సాయంత్రానికి చెవులు దిమ్మెక్కేవి, తల పగిలిపోయేది. వాడు చెవులు నొక్కుకుంటే నాన్న నవ్వి, "పచ్చి చెవిరా. ఆర్నెల్లయితే పండుద్ది" అనేవాడు. అరచేయి మొదట్లో బొబ్బలెక్కి తర్వాత కాయ కాస్తుంది కదా, చెవి కూడా అంతేనని వాళ్ల లెక్క. ఆర్నెల్లో ఏడాదో గడిచాక, పక్కన రేకు మోగుతున్నా వాడు కన్ను ఆర్పకుండా బీడీ వెలిగించుకుంటే, వీడి చెవి పండిందని ఒప్పుకునేవారు. ఆ రోజు మిర్చి బజ్జీలు తెప్పించేవారు. అప్పటి నుంచి వాణ్ణి మేస్త్రీ అని పిలిచేవారు. ఒక మనిషికి వినికిడి పోయినందుకు బజ్జీలు తిన్నవాళ్లు మా వాళ్లు. నేనూ తిన్నాను.

మా బాబాయి ఒక్కడికే ఆ బజ్జీలు దక్కలేదు. నాన్న దగ్గరే మూడేళ్లుగా పని చేస్తున్నా ఆయన చెవుల్లో దూది పెట్టుకునేవాడు. నాన్న ఆ దూదిని చూసి పెళ్లికూతురు పూలు పెట్టుకుందని ఏడిపించేవాడు. బాబాయి పాపం నాన్న చూస్తున్నంతసేపు దూది తీసి జేబులో వేసుకుని, ఆయన అటు తిరగ్గానే మళ్లీ పెట్టుకునేవాడు.

ఇంటికి వచ్చాక ఆ పండిన చెవులతో మా పాట్లు అన్నీ ఇన్నీ కావు. అమ్మ పప్పు తెమ్మంటే ఉప్పు తెచ్చేవాడు. మా ఇంట్లో ఉప్పుకు ఎన్నడూ కరువు రాలేదు. సబ్బు అయిపోయిందంటే, "జబ్బా? ఎవరికి?" అని కంగారుపడేవాడు. వినడానికి నవ్వొస్తుంది గానీ రోజూ పడేవాళ్లకు నవ్వు రాదు. అన్నిటికంటే అమ్మను మండించింది ఇంకోటి. బాబాయి మాట్లాడితే నాన్న ఎంచక్కా జవాబిచ్చేవాడు. బస్సు కండక్టరు లావు గొంతుతో అరిస్తే వినపడేది. అమ్మ మాట, నా మాట మాత్రం వినపడేవి కావు. మగవాళ్ల మాటే మాట, మన మాట గాలి అని అమ్మ తీర్మానించేసుకుంది. ఆయన పొగరు ఆయన చెవిలో కూర్చుందని అనేది. పదేళ్లదాన్ని, అమ్మ చెప్పిందే నిజమని నేనూ నమ్మాను.

ఆ నమ్మకం గట్టిపడటానికి కారణం ఉంది. బడిలో పంద్రాగస్టుకు పద్యం చదవడానికి నన్ను ఎంచుకున్నారు. వారం రోజులు బట్టీ పట్టి, ఒక సాయంత్రం నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడి మొత్తం చదివాను. ఆయన మెట్టు మీద కూర్చుని, గోటిలో దిగిన ఇనప పీచును సూదితో తీసుకుంటున్నాడు. నేను చదవడం అయిపోయింది. మెచ్చుకుంటాడని నిలబడ్డాను. ఆయన సూది మీంచి చూపు ఎత్తి, "ఊఁ, ఎప్పుడు మొదలుపెడతవ్?" అన్నాడు. నేను ఏడవలేదు. వారం రోజులు ఆయనతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకుని, వారం అంతా మాట్లాడలేదు కూడా. నేను మాట్లాడటం లేదన్న సంగతే ఆయనకు తెలియలేదు.

ఇది జరిగింది రెండు వేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్లకు. మా ఊరికి సెల్ టవర్ వచ్చిన కొత్త. ఆ టవర్ మీద నాన్నకు ఒకటే కోపం. అది వచ్చిన కాడి నుంచి సన్నగా గుయ్యిమని మోత పెడుతుందనీ, పడుకుందామంటే కునుకు పట్టనివ్వడం లేదనీ కనపడిన వాళ్లకల్లా చెప్పేవాడు. మాకేం వినపడటం లేదని అమ్మ అంటే, మీవి పచ్చి చెవులు, మీకేం తెలుస్తుంది అని తీసిపారేసేవాడు. విచిత్రం ఏమిటంటే షెడ్డులో పని మానేసిన పాత మేస్త్రులు ఇద్దరు వచ్చి తమకూ అదే మోత వినపడుతుందని వంత పాడారు. ముగ్గురూ కలిసి పంచాయతీ ఆఫీసుకు కాగితం రాసి ఇచ్చారు. టవర్ మనిషి వచ్చి, జనరేటర్ ఆఫ్ చేసి, ఇప్పుడు మోగుతుందా అని అడిగితే, ఇంకా మోగుతుందని ముగ్గురూ ముక్తకంఠంతో చెప్పారట. అతను తల పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మనిషి మీద నాకు ఈ రోజుకీ జాలి.

ఇక గంటల సంగతి. గుట్ట మీది ఊరి నుంచి ఒక తాత వచ్చేవాడు. మాతో తెలుగులో, తన వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడేవాడు. అరవడం ఆయనకు రాదు గానీ, గొంతు లావు కాబట్టి నాన్నకు వినపడేది. కళ్లకు పొర కమ్మింది కాబట్టి పశువులు ఎటు పోయాయో చెవితోనే పట్టుకునేవాడు. ఆ ఏడు నాన్న దగ్గర రెండు గంటలు చేయించుకున్నాడు, ఒకటి తన ఆవుకు, ఇంకోటి పక్కింటివాళ్ల ఆవుకు. రెండూ ఒక్కలాగే మోగుతున్నాయని వెనక్కి తెచ్చాడు. నాన్న వాటిని పైకెత్తి చూపించి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒక్కలాగ ఎట్లా మోగుతాయని దబాయించి పంపేశాడు. రెండోసారి తెస్తే అంచు మీద నాలుగు దెబ్బలు వేసి, ఇక పొమ్మన్నాడు.

మూడోసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఆదివారం. ఆ ఏడు తొలకరి ఆలస్యంగా పడి అప్పుడే విత్తనాలు వేసుకున్నారు. నేను సద్ది పట్టుకుని వెళ్లేసరికి తాత షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు. గంటలు రెండూ సంచిలో ఉన్నాయి, చప్పుడు కాకుండా వాటి నోట్లో గడ్డి కుక్కి ఉంది. గంటల్ని బస్సులో ఎప్పుడూ అలాగే తెచ్చేవాడు, లేకపోతే కండక్టరు తిడతాడని. నాన్న సుత్తి దించే వరకు ఓపిగ్గా కూర్చుని, అప్పుడు చెప్పాడు. అంతకుముందు రోజు తన ఆవు గంట అనుకుని మధ్యాహ్నం దాకా పక్కింటి ఆవు వెంట తిరిగాడట. ఈలోగా తన పశువులు ఐదూ ఎవరిదో మొలకెత్తిన చేలో పడ్డాయి. చేను వాళ్లు వాటిని బందెల దొడ్డికి తోలేశారు. మనవడు పోయి కాళ్లావేళ్లా పడి విడిపించుకొచ్చాడు. ఇంకోసారి ఇలా అయితే ఆవుల్ని అమ్మేస్తామని ఇంట్లో అన్నారట. ఆవులు పోతే తనకు ఊళ్లో పనేముందని తాత అన్నాడు. ఆ మాట కూడా ఆయన గొంతు పెంచి అనలేదు.

నాన్నకు కోపం నెత్తికెక్కింది. మా తాతల నాటి నుంచి చేస్తున్న పని, నా గంటకే వంక పెడతావా, నీ చెవులే చెడిపోయాయి అని అరిచాడు.  తాత మెషీన్లన్నీ ఆపించమని బాబాయికి సైగ చేశాడు. చప్పుడు ఆగింది. నాన్న ఇంకా అదే గొంతుతో అరుస్తున్నాడని అప్పుడు తెలిసింది, రోడ్డు అవతల టీ బండి దగ్గర ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

"మేస్త్రీ, గోడ దిక్కు తిరిగి కూసో. నేను గంట ఊపుత. ఏది మోగిందో నువ్వే చెప్పు. నువ్వు సరిగ్గ చెప్తే మళ్ల నీ గడప తొక్క" అన్నాడు తాత.

నాన్న నవ్వి, స్టూలు లాక్కుని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తాత ఒక గంటలోంచి గడ్డి తీసి ఊపాడు. పెద్దది అన్నాడు నాన్న. నిజమే. రెండోదాన్లోంచి గడ్డి తీసి ఊపాడు. నాన్న ఒక క్షణం ఆగి, మళ్లీ పెద్దదే ఊపావు, నన్ను మోసం చేద్దామనా అన్నాడు. బాబాయి నా వైపు చూశాడు. నాకు లోపల కొంచెం సంతోషంగానే ఉంది. పద్యం నాటి కోపం ఇంకా పోలేదు, పట్టుబడ్డాడు కదా అనుకున్నాను.

అప్పుడు తాత ఆ రెండో గంటలో గడ్డి మళ్లీ కుక్కాడు. బొటనవేలితో అదిమి మరీ కుక్కాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. నాన్న వీపు వెనకే నిలబడి గంటను ఊపాడు. నాలుక కదల్లేదు. షెడ్డులో సుత్తి దెబ్బలు ఆగాక రేకుల్లో మిగిలే జుమ్మనే శబ్దం కూడా అప్పటికి ఆగిపోయింది. రోడ్డు మీద సైకిలు పోతుంటే గొలుసు కరకర వినపడింది.

"మోగుతుందా మేస్త్రీ?" అని అడిగాడు.

"ఆఁ, మోగుతుంది. సన్నగ మోగుతుంది. ఇదే నీ ఆవు గంట" అన్నాడు నాన్న, ఏమాత్రం తడుముకోకుండా.

బాబాయి కిసుక్కుమని నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు. తాత నవ్వలేదు. ముందుకు వెళ్లి గంటను నాన్న ఒళ్లో పెట్టాడు. నాన్న దాన్ని తిప్పి చూశాడు. గడ్డి చూశాడు. వేలితో కెలికి చూశాడు. ఆయన మొహంలో కోపం వస్తుందని నేను ఎదురుచూస్తున్నాను, కానీ అది రాలేదు.

"మరి ఇంక మోగుతనే ఉన్నది గదా" అన్నాడు మెల్లగా. తాతను కాదు, నన్ను చూసి అడిగాడు. "బిడ్డా, నీకు వినొస్తలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

నాన్న గంటను స్టూలు మీద పెట్టి బయటికి నడిచాడు. ఎక్కడికని అడిగినా ఆయనకు వినపడదు కాబట్టి నేనూ వెంట నడిచాను. ఆయన నేరుగా టవర్ కిందికి వెళ్లి తల ఎత్తి చూశాడు. తర్వాత రోడ్డు పట్టుకుని అడవి వైపు నడవడం మొదలుపెట్టాడు. ప్రతి వంద అడుగులకూ ఆగి వెనక్కి తిరిగి టవర్‌ను చూసేవాడు, మళ్లీ నడిచేవాడు. ఏం చేస్తున్నాడో నాకు కాసేపటికి అర్థమైంది. దూరం పోతే మోత తగ్గుతుందేమోనని చూస్తున్నాడు. టవర్ చెట్ల వెనక అగ్గిపుల్లంత అయ్యేదాకా నడిచాం. అక్కడొక కల్వర్టు ఉంది. దాని మీద కూర్చున్నాడు.

ఈడ గూడ మోగుతుందా నీకు అని అడిగాడు. లేదన్నాను. తనకు మోగుతూనే ఉందన్నాడు. ఆ మోత టవర్‌ది కాదు. షెడ్డు చప్పుడుకు దెబ్బతిన్న ఆయన చెవుల్లో, ఎవరూ మోగించకుండానే, ఎన్నేళ్ల నుంచో మోగుతోంది. దాన్నే ఆయన గంట గొంతు అనుకున్నాడు. బాబాయిలాంటి లావు గొంతులు వినపడ్డా, దాని చాటున అసలు గంటా వినపడలేదు, అమ్మా వినపడలేదు, నేనూ వినపడలేదు. ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ, ఆ రోజు కల్వర్టు మీద నాకు తెలిసింది ఒక్కటే. మా నాన్న భయపడుతున్నాడు.

నన్ను ఎదురుగా నిలబెట్టుకుని అడిగాడు. "ఆ దినం పద్యం చదువుత అన్నవ్ గదా. చదివినవా?"

"చదివిన."

"మొత్తమా?"

"మొత్తం నాన్నా."

ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఆ వారమంతా నేను దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. ఇంకోసారి చదవమన్నాడు. నేను ఆయన మొహానికి ఎదురుగా నిలబడి, బాబాయిలాగ గొంతు లావు చేసుకుని, ఒక్కో పదం ఆపి ఆపి చదివాను. ఆయన నా పెదాల వైపే చూస్తూ విన్నాడు. అయిపోయాక, సగం వినొచ్చిందన్నాడు. అబద్ధం చెప్పి మొత్తం విన్నానంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో.

మేం తిరిగి వచ్చేసరికి తాత ఇంకా కూర్చునే ఉన్నాడు, బస్సు తప్పిపోయిందని సణుక్కుంటూ. నాన్న ఆయన పక్కన కింద కూర్చున్నాడు. ఏం చేయాలో అడగలేదు, కానీ అడిగినట్టే ఉంది. తాత లేచి, దిమ్మె మీద ఉన్న బీరువా తలుపు రేకును వేలి కణుపుతో ఒకటి కొట్టాడు. అది జుమ్మని చాలాసేపు మోగింది. ఇంకో అరచేయి రేకుకు ఆనించి మళ్లీ కొట్టాడు. దబ్ అని ఆగిపోయింది.

"మేం చేసేటిది ఇంతే మేస్త్రీ. మోగొద్దనుకుంటె గడ్డి కుక్కుతం. ఇది గంట కాకపోతె ఇంకేంది? దీని నోట్ల ఏమన్న కుక్కు" అన్నాడు.

డాక్టరు చెబితే నాన్న వినేవాడు కాదు. అమ్మ అన్నేళ్లు చెప్పినా వినలేదు. కానీ రేకు గురించి చెబితే ఆయన బుర్రకు వెంటనే ఎక్కింది. గంట మోగాలంటే గాల్లో వేలాడాలని ఆయనకంటే బాగా తెలిసినవాళ్లెవరు? అన్నేళ్లుగా బీరువా తలుపుల అంచుల్ని గాల్లో తేలేసి కొడుతూ, ఒక్కోదాన్నీ ఇంటంత గంట చేసుకుని, దాని కింద తల పెట్టుకుని కూర్చున్నానని ఆయనే అన్నాడు. అన్న తీరు ఎవరినో తిడుతున్నట్టే ఉంది.

ఆ సాయంత్రమే తాత గంటల్ని నాన్నా నేనూ కలిసి సరిచేశాం. దెబ్బ నాన్నది, చెవి నాది. నాన్న అంచు మీద ఒక దెబ్బ వేసి నా మొహం చూసేవాడు. ఇంకా సన్నగా రావాలని నేను వేలు పైకి చూపిస్తే ఇంకో దెబ్బ. రెండు గంటలూ ఎంత వేరుగా వచ్చాయంటే టీ బండి మనిషి కూడా అక్కడి నుంచే చెప్పేశాడు. తాత వాటిని రెండు మూడుసార్లు ఊపి చూసుకుని, గడ్డి కుక్కి, సంచిలో వేసుకుని, ఆఖరి బస్సుకు వెళ్లిపోయాడు. మెచ్చుకోలేదు. మూడుసార్లు తిప్పినవాళ్లను ఎవరు మెచ్చుకుంటారు?

ఆ తర్వాత అంతా చక్కబడిందని చెబితే అది అబద్ధం. నాన్న చెక్క పెట్టె చేయించి, అందులో ఇసుక నింపి, గోనెపట్టా పరిచి, రేకును దాని మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. వంచే పనికి ఇనప సుత్తి మానేసి కొయ్య సుత్తి పట్టాడు. గ్రైండరును వెనక పెరట్లోకి, మట్టి గోడ అవతలికి మార్చాడు. లోపల రేకు గోడలకు గోనెసంచులు వేలాడదీశాడు. నాలుగు రోజులు బాగానే ఉంది. ఐదో రోజు నుంచి గిరాకీలు షెడ్డు ముందు నుంచే వెళ్లిపోవడం మొదలైంది. చప్పుడు లేదు కాబట్టి షాపు మూశారనుకున్నారట. పాత మేస్త్రులు ఇద్దరూ వచ్చి, ఇది బీరువాల షెడ్డా, బట్టల కొట్టా అని ఎగతాళి చేశారు. నాన్న రోషం వచ్చి ఇసుక పెట్టెను మూలకు తోసేశాడు. అమ్మ దాన్ని మళ్లీ నడుమకు జరిపించింది. ఇలా ఆ పెట్టె అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగిందో చెప్పలేను. ఆఖరికి బాబాయి షెడ్డు ముందు "షాపు తెరిచే ఉంది" అని పెద్ద అక్షరాలతో రేకు మీద రాసి వేలాడదీశాడు. దాంతో గొడవ సద్దుమణిగింది. ఆ రేకు ఇప్పటికీ ఉంది.

ఖమ్మం పెద్ద దవాఖానాలో చెవి పరీక్ష చేయించడానికి కూడా అమ్మ ఆయన్ని ఏడాది తర్వాత గానీ లాక్కుపోలేకపోయింది. పోయిన వినికిడి మళ్లీ రాదు, మిగిలింది కాపాడుకోమని చెప్పారు. దూది చాలదని, చెవులకు తగిన బిరడాలు గానీ, చెవుల్ని పూర్తిగా కప్పే డిప్పలు గానీ పెట్టుకుని తీరాలనీ చెప్పారు. పాపం బాబాయి మూడేళ్లు తిట్లు తిన్న దూది కూడా సరిపోదట. నాన్న నన్ను చూసి, చెవి పండటం అంటే ఆకు పండినట్టన్న మాట, రాలిపోవడానికేనన్నాడు. ఆ మాటను మళ్లీ షెడ్డులో ఎవరినీ అననివ్వలేదు. బజ్జీలు మాత్రం మానలేదు. కొత్తగా చేరినవాడు నెల రోజులు చెవి డిప్పలు తీయకుండా పని చేస్తే తెప్పించేవాడు. మొదటి పొట్లం బాబాయికే ఇచ్చాడు.

ఇప్పుడు షెడ్డు నేనే చూసుకుంటున్నాను. పనివాళ్లకు నేను పెద్దమ్మను, నాకింకా ఆ వయసు రాకపోయినా. షెడ్డులో అందరికీ డిప్పలు కొనిచ్చాను. మహానుభావులు వాటిని మెడలో వేసుకుని తిరుగుతారు. చెమట పడుతుందని ఒకడు, ఫోను వినపడదని ఒకడు, పెద్దమ్మ పిలిస్తే వినపడదని ఇంకొకడు. "మెడకు కాదురా, చెవులకు" అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరవడమే నా పని. నాన్న కథ చెప్పాను, ఒక గంటలో గడ్డి కుక్కి గుమ్మానికి వేలాడదీశాను. దాన్ని చూసి, పెద్దమ్మా ఈ గంట మోగడం లేదు, బాగు చేయించాలా అని అడిగినవాళ్లు ఉన్నారు. వీళ్లతో ఎలా వేగాలో నాకు తెలియదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక అలవాటు మిగిలింది. చెవుల్లో మోత ఎక్కువైనప్పుడు నాన్న నన్ను పిలిచి, బయట ఏమన్న మోగుతుందా బిడ్డా అని అడుగుతాడు. మోగితే మోగిందని, లేకపోతే లేదని ఎదురుగా నిలబడి చెబుతాను. లేదంటే, అయితే నాదేనన్న మాట అని ఊరుకుంటాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు విసుక్కోని మనిషిని నేనొక్కదాన్నే. మిగతా అన్నిటికీ విసుక్కుంటాను.

పోయిన నెలలో ఒక సాయంత్రం షెడ్డు మూసి వచ్చి వాకిట్లో కూర్చున్నాను. ఎక్కడో సన్నగా గుయ్యిమంటోంది. మోటారు ఆపలేదేమో అనుకుని చూశాను, ఆపే ఉంది. మెట్టు మీద నా కూతురు లెక్కలు చేసుకుంటోంది.

"ఏమన్న మోగుతుందానే?" అని అడిగాను.

అది పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "ఏం మోగట్లేదమ్మా" అంది.

నేను నా మెడ తడుముకున్నాను. డిప్పలు అక్కడే ఉన్నాయి. పనివాళ్లను తిట్టడానికి చెవుల మీంచి తీసేదాన్ని, తిట్టాక మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయేదాన్ని. ఎన్నాళ్ల నుంచో ఇదే వరస.

నాన్న అవతల మంచం మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. మా మాటలు ఆయనకు వినపడే దూరం కాదు. కానీ ఆ ప్రశ్న అడిగేటప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో ఆయనకంటే తెలిసినవాళ్లు లేరు. కర్ర పట్టుకుని మెల్లగా లేచి వచ్చాడు. నా మెడలోని డిప్పల్ని రెండు చేతులతో పైకెత్తి, నా చెవుల మీద సరిగ్గా కుదిరేలా నొక్కిపెట్టాడు. లోకమంతా ఒక్కసారిగా మూగబోయింది, ఆ సన్నని మోత తప్ప. ఆయన ఏదో అన్నాడు. వినపడలేదు. పెదాలు చూసి తెలుసుకున్నాను.

"మెడకు కాదు బిడ్డా."